గోడ అవతలి ఎర్ర బండి

సులై క్యాంపు,
శుక్రవారం

రియాద్ ఆఫీసు సంక్షేమ విభాగంలో తెలుగు ఉత్తరాలు చదివే పెద్దమనిషికి,

మమ్మల్ని తగలబెట్టబోతున్నది మీరే. ఎదురుగా చాయ్ కప్పు పెట్టుకుని ఈ కాగితం చదువుతున్న మీరే. నిప్పు మీరు పెట్టరు, నాకు తెలుసు. నిప్పుదేముంది, గ్యాస్ పొయ్యి పెడుతుంది, పాత వైరు పెడుతుంది. ఆర్పేవాణ్ణి పంపించేసింది మాత్రం మీరు.

నా పేరు సురేంద్ర. మాది కోరుట్ల దగ్గర పల్లె. మీ కంపెనీలోనే ఎలక్ట్రీషియన్ని, సి బ్లాకులో ఉంటాను. ఊళ్లో ఉన్నప్పుడు బస్టాండు మరుగుదొడ్డి మీద, రేషన్ తూకం మీద, ఎమ్మార్వో ఆఫీసు కుర్చీల మీద పేపర్లకు ఉత్తరాలు రాసేవాణ్ణి. అచ్చయినవి తక్కువ. అయినా రాయడం మానలేదు, ఇక్కడా మానను.

మీకు ఏమీ తెలియనట్టు కూర్చుంటారు కాబట్టి సంగతి మొదటి నుంచి చెబుతాను. మా క్యాంపు చుట్టూ గోదాములే. ఒక పక్క రంగులు, ఒక పక్క పరుపులు, వెనక టైర్లు. మంటకు విందు భోజనం పరిచినట్టు ఉంటుంది. అందుకే ఇక్కడి క్యాంపులూ గోదాములూ కలిసి ఎప్పుడో ఒక ఉమ్మడి అగ్నిమాపక దళం పెట్టుకున్నాయి. ఒక ఎర్ర బండి, గొట్టాలు, పని నేర్చిన మనుషులు. ఆ బండి నిలబడేది మా పక్క ఆవరణలోనే. మధ్యలో ఒక గేటు. గేటు తెరిస్తే బండి మా మెస్ ముందుంటుంది. సర్కారు బండ్లూ వస్తాయి, మంచి బండ్లే. కానీ పెద్ద రోడ్డు మీద ట్రక్కుల మధ్య దారి చేసుకుని రావాలి. మంటకు అంత ఓపిక ఉండదు.

మొన్న మా గేటు మీద బోర్డు మార్చారు. 'క్యాంపు' తీసేసి 'వర్కర్స్ సిటీ' అని రాశారు. స్నానాల గది ముందు లైను అలాగే ఉంది, నల్లులు అలాగే ఉన్నాయి, మేం మాత్రం నగరవాసులమైపోయాం. పోనీలే, బోర్డే కదా అనుకుంటే మరునాడు మెస్ గోడకు సర్క్యులర్ అంటించారు. "మనది ఇప్పుడు సిటీ. సిటీ అన్నాక సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉండాలి. క్యాంపులతో పంచుకోవడం సిటీ స్థాయికి తగదు. కనుక ఉమ్మడి దళం నుంచి వైదొలగుతున్నాం" అని.

ఆ సొంత డిపార్ట్‌మెంట్ ఎక్కడుందా అని సిటీ అంతా వెతికాను. మెస్ బయట కొక్కేలకు ఎర్ర బకెట్లు కనిపించాయి. ఇసుక ఉండాల్సిన చోట ఒకదాంట్లో సిగరెట్ పీకలున్నాయి. ఇంకోదాంట్లో మట్టి పోసి మా ఎల్లన్న పుదీనా పెంచుతున్నాడు. ఎల్లన్న మా బ్లాకు మేస్త్రీ, గోడలు కడతాడు, నాకంటే పెద్దవాడు. ఇప్పుడు చెప్పండి, మంట లేస్తే పుదీనా చట్నీ పోయాలా?

నిర్ణయాన్ని వెనక్కి తీసుకోండి. ఉమ్మడి దళంలోనే ఉండండి. నేను అడిగేది ఇదొక్కటే.

మీ నిర్ణయాన్ని నిలువునా ఖండిస్తూ,
సురేంద్ర

తా.క. వాట్సాప్‌లో ఎందుకు పెట్టలేదంటే, పెడితే మీరు దండం బొమ్మ పంపి ఊరుకుంటారు. కాగితమైతే కనీసం మడత విప్పాలి.

ఇంకో తా.క. ఎల్లన్న పక్కనే కూర్చుని, "మరీ గంత గరంగ రాయకు తమ్మీ, గాయిన గూడ ఎవరో తల్లి కన్న కొడుకే గద" అంటున్నాడు. ఈ వాక్యం ఆయన తృప్తి కోసం.



రియాద్ ఆఫీసు,
మంగళవారం

సురేంద్ర గారి సముఖానికి ఖాజావలి సలాములతో రాసేది,

మీ ఉత్తరం అందింది. చాయ్ సంగతి మీకు ఎలా తెలిసిందో అర్థం కాక కాసేపు కప్పు పక్కన పెట్టాను.

నాది రాయచోటి. ఈ ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే. మా మేనేజర్ పేరు నన్నే సాహెబ్. ఆయనది హైదరాబాద్, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తెలుగు ఉత్తరం ఎంత పొడుగున్నా దాన్ని నేను ఇంగ్లీషులో ఒక్క వాక్యానికి కుదించి, తగిన ట్రేలో పెట్టాలి. ట్రేలు నాలుగు: సెలవులు, జబ్బులు, విన్నపాలు, చివరిది సూచనలూ కృతజ్ఞతలూ.

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఈయనకు అగ్నిమాపక విషయాల మీద అపారమైన ఆసక్తి ఉంది" అని రాసి నాలుగో ట్రేలో పెట్టాను. సాహెబ్ గారు చూసి కుర్చీలోంచి లేచారు. "అరే, ఇట్లాంటి ఆద్మీ కోసమే కదా వెతుకుతున్నా!" అన్నారు. శుభవార్త ఏమంటే, సిటీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో మొట్టమొదటి ఫైర్ వార్డెన్‌గా మిమ్మల్ని నియమించారు. కంపెనీ బస్సు డ్రైవర్ చేతికి ఒక విజిల్, ఒక ఎర్ర జాకెట్ ఇచ్చి పంపుతున్నాను. ముట్టినట్టు తెలియజేయగలరు.

బకెట్ల విషయం కూడా నోట్ చేసుకున్నాను.

మీ శ్రేయస్సు కోరే,
ఖాజావలి

తా.క. జాకెట్ ఒకటే సైజు ఉంది. దాంట్లో ఇద్దరు వార్డెన్లు పడతారు.

ఎల్లన్న గారి మాట చదివాను. నిజమే, నేనూ ఒక తల్లి కొడుకునే. మా అమ్మ పేరు షహజాదీ. ఆయనకు నా సలాం చెప్పండి.



సులై, మీరు సిటీ అంటున్న చోటు,
శుక్రవారం

ఖాజావలి గారికి, ఈసారి నమస్కారం కూడా లేదు,

నేను ఉరిశిక్ష వద్దని రాస్తే నన్ను తలారిగా నియమించారు!

అయ్యా, నాకు మంటల మీద ఆసక్తి లేదు. భయం ఉంది. ఈ రెంటికీ తేడా తెలియనివాడు సంక్షేమ విభాగంలో కాక ఇంకెక్కడ ఉంటాడు? నా రెండు పేజీల ఆగ్రహాన్ని ఒక్క వాక్యం చేశారు. సరే, అంత చిన్న సీసాలో పోసేటప్పుడు ఆగ్రహాన్నైనా పోయాలి కదా! కృతజ్ఞతల ట్రేలో పెడతారా?

వార్డెన్ పదవి తిరస్కరిస్తున్నాను. విజిల్ మాత్రం తిరిగి పంపను, దానితో నాకు పని పడింది. ఇవాళ అన్నాలు తిన్నాక మెస్ హాల్లో నిలబడి గట్టిగా విజిల్ వేశాను. బిర్యానీ పంచుతున్నారనుకుని బ్లాకంతా పరుగున వచ్చింది. అందరూ కూర్చున్నాక తలుపు మూసి, ఉమ్మడి దళం నుంచి వైదొలగడంలోని వర్గ స్వభావం గురించి ప్రసంగం మొదలుపెట్టాను. మంట రాజుకు ఒక రకంగా, కూలివాడికి ఒక రకంగా అంటుకోదనీ, రాజు ఇంటికి మాత్రం బండి ముందు వస్తుందనీ చెప్పాను. బాగా మాట్లాడాను. నీళ్లు తాగుదామని అటు తిరిగి ఇటు తిరిగేసరికి హాలు ఖాళీ. కిటికీలోంచి కూడా దూకి వెళ్లారు.

మిగిలింది ఎల్లన్న. వంటగది పక్కన చివరి బెంచీ మీద, సులేమానీ చాయ్ కప్పు పట్టుకుని, మఠం వేసుకుని కూర్చున్నాడు.

"నీకు అర్థమైందా అన్నా?" అన్నాను.

"ఒక్క ముక్క సమజ్ కాలే."

"మరి ఎందుకు కూర్చున్నవే?"

"నువ్వు తిడుతుంటె మా లస్మవ్వ యాదికొస్తది. ఆమె గూడ గిట్లనే, మొదలువెడితె ఆగదు. ఫోన్ల తిడితె గంత మజా ఉండదు తమ్మీ. ఎదురుంగ ఉండి తిట్టాలె. నువ్వు కానీ, నేనింట."

లస్మవ్వ ఆయన భార్య. అట్లా, సిటీ మొత్తానికి నాకు ఒక్క శ్రోత దొరికాడు. ఆయన కోసం మిగతా ప్రసంగమంతా పూర్తి చేశాను. ప్రతి శుక్రవారం చేస్తాను. మీరు నిర్ణయం మార్చుకునేదాకా చేస్తాను. ఇది మీ సాహెబ్‌కు చెప్పండి. కుదించకుండా చెప్పండి.

మీ పదవిని కాలితో తన్నుతూ,
సురేంద్ర

తా.క. జాకెట్ నేను సిద్ధాంతరీత్యా తొడుక్కోను. ఎల్లన్నకు సిద్ధాంతం లేదు, చలి ఉంది. ఆయన తొడుక్కున్నాడు. వీపు మీద తళతళలాడే పట్టీలతో, దూరం నుంచి చూస్తే పెళ్లి బస్సులా ఉన్నాడు.



రియాద్ ఆఫీసు,
బుధవారం

మాన్యులు సురేంద్ర గారికి, క్షేమంగా ఉన్నారని తలచి, ఖాజావలి,

మీ ఉత్తరం ఈసారి మూడుసార్లు చదివాను. తరువాత ఇలా కుదించాను: "విజిల్ వేసిన వెంటనే బ్లాకు మొత్తం ఖాళీ అయింది, ప్రతి శుక్రవారం చేస్తానని ఆయన స్వయంగా మాట ఇచ్చారు."

ఇందులో ఒక్క అబద్ధం లేదని మీరూ ఒప్పుకుంటారు.

సాహెబ్ గారు బల్ల మీద చరిచారు. ఏ క్యాంపులోనూ ఇంత త్వరగా జనం బయటికి రారట. వార్డెన్ పదవి తిరస్కరించారని కూడా చెప్పాను. "చిన్న పోస్టు ఇస్తే ఖాబిల్ ఆద్మీకి కోపం రాదా?" అన్నారు. మీరు ఇప్పుడు సిటీ ఫైర్ చీఫ్. అభినందనలు. ఫొటో తీయడానికి సేఫ్టీ ఆఫీసర్ ఉదయకిరణ్ గారు వచ్చే శుక్రవారం వస్తున్నారు. ఎప్పటిలాగే విజిల్ వేయగలరు.

మరొక విషయం. సిటీకి సరిహద్దు ఉండాలి కనుక, ఉమ్మడి దళం ఆవరణలోకి ఉన్న గేటు తీసేసి ఆ చోట గోడ కట్టాలని నిర్ణయమైంది. పని మీ బ్లాకు మేస్త్రీ ఎల్లన్న గారికి అప్పగించారు.

విధేయుడు,
ఖాజావలి

తా.క. అన్నా, ఇది ఆఫీసు మాట కాదు. మీకు నా మీద కోపంగా ఉండాదని తెలుసు. ఫిర్యాదులకు మా దగ్గర ట్రే లేదు. ఫిర్యాదు అని రాసిన కాగితం ఇంకో గదిలోకి పోతాది. ఆ గదిలో చేసేది ఒకటే పని, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి మనిషిని ఇంటికి పంపడం. మీరు విమానంలో కూర్చుని ఖండిస్తే ఎవరికి లాభం? అందుకే అట్ల కుదిస్తాండా. మీరు రాయడం మానొద్దు. నేను కుదించడం మానను.



సులై,
శనివారం

సిటీ ఫైర్ చీఫ్ నుంచి, కుదించడంలో ఆరితేరిన ఖాజావలికి,

గోడ లేచింది.

గేటు ఊడదీసి, ఆ చోట ఎల్లన్న చేతే కట్టించారు. పక్కన నిలబడి చెప్పాను, "అన్నా, జర వంకర కట్టు. సిమెంటు తక్కువెయ్యి. రేపు పనికొస్తది" అని. ఆయన తాపీ ఆపి నా ముఖం చూశాడు. "నాకు వంకర కట్టుడు రాదు తమ్మీ. చెయ్యి ఒప్పదు" అన్నాడు. కట్టాడు. తాడు పెట్టి చూసినా వేలు పెట్టి చూసినా తప్పు దొరకని గోడ. నీ కంపెనీ కట్టే మేడల్లో ఇంత మంచి గోడ లేదు. మా ప్రాణాలకూ ఎర్ర బండికీ మధ్య దాన్ని నిలబెట్టారు.

ఇక నీ ఉదయకిరణ్ వచ్చాడు. బూట్లు తుడుచుకుంటూ, కెమెరా వేలాడేసుకుని. వాడికి ముఖం మీదే చెప్పాలని నేను సిద్ధమయ్యాను. ఈ డిపార్ట్‌మెంట్ బూటకం, ఈ చీఫ్ బూటకం, ఈ విజిల్ ఒక్కటే నిజం అని మొదలుపెట్టాలని రాసుకున్నాను. జనాన్ని పిలుద్దామని విజిల్ వేశాను.

ఏం జరిగిందో నీకు ఫొటోలో కనిపించే ఉంటుంది. తింటున్నవాడు కుబ్బూస్ రొట్టె చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. స్నానం చేస్తున్నవాడు నురగతోనే వచ్చాడు. కుంటుకుంటూ నడిచే స్వామి కూడా ఆ రోజు కుంటలేదు. అందరూ బయటి గేటు దాటి బాకాలా దుకాణం దాకా వెళ్లి, అక్కడి నుంచి నా వైపు తిరిగి చూస్తున్నారు, ప్రసంగం మొదలుపెట్టాడా అని. ఉదయకిరణ్ గడియారం చూసుకుని, "సార్, అద్భుతం! వీళ్లను ఎలా తయారుచేశారు?" అన్నాడు.

ప్రసంగాలు చేసి తయారుచేశాను అన్నాను. నిజమే చెప్పాను. వాడు నవ్వి అదే రాసుకున్నాడు!

నువ్వు నన్ను కాపాడుతున్నానంటున్నావు. నేను తిట్టిన ప్రతి తిట్టూ నీ చేతిలో పడి పొగడ్త అవుతుంటే, ఇక్కడ ఆ పొగడ్తలతోనే గోడ కడుతున్నారు. నన్ను ఎగ్జిట్ నుంచి కాపాడి ఏం చేసుకుంటావు ఖాజావలీ? మమ్మల్నందరినీ కాపాడేది ఆ గేటు. దాన్ని కాపాడాల్సింది.

నీ మీద కోపంతో, నీ మీద మాత్రమే కాని కోపంతో,
సురేంద్ర

తా.క. అవతలి బండి నడిపేది ఇర్ఫాన్, పెషావర్ వైపు పఠాన్. గేటు ఉన్నప్పుడు సాయంత్రం పూట ఎల్లన్నా అతనూ చెరో పక్క స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఒకరికి ఉర్దూ సరిగా రాదు, ఒకరికి తెలుగు బొత్తిగా రాదు, అయినా మాటలు తెగేవి కావు. ఇప్పుడు ఎల్లన్న పుదీనా కట్ట కట్టి గోడ మీదుగా విసురుతాడు. అటు నుంచి "షుక్రియా చాచా!" అని కేక వస్తుంది. సిటీకీ బయటి ప్రపంచానికీ మిగిలిన సంబంధం ఇదొక్కటే. దీని మీద కూడా సర్క్యులర్ తీయండి.



రియాద్ ఆఫీసు,
సోమవారం

సిటీ ఫైర్ చీఫ్ సురేంద్ర గారికి, యాజమాన్యం తరఫున,

గత శుక్రవారం సిటీ మెస్‌లో జరిగిన అగ్ని ప్రమాద సమయంలో మీరు చూపిన సమర్థతకు అభినందనలు. మీ విజిల్ మోగిన వెంటనే నివాసులందరూ క్రమశిక్షణతో బయటికి వచ్చారని నివేదిక అందింది. ఒక్కరు మినహా ఎవరికీ ప్రాణనష్టం జరగలేదు. ఆ ఒక్క మరణమూ సదరు కార్మికుడు విజిల్ నియమాన్ని పాటించకపోవడం వల్ల సంభవించినట్టు నివేదికలో నమోదైంది. యాజమాన్యం విచారం వ్యక్తం చేస్తున్నది.

సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉంటే చాలునని ఈ ఘటన రుజువు చేసింది. ఉమ్మడి దళంలో ఇంకా కొనసాగుతున్న క్యాంపులకు మీ విన్యాసం ఫొటో చూపించి, మీ చేత శిక్షణ ఇప్పించాలని నిర్ణయించారు. ఈ ఉత్తరంతో పాటు ఒక షీల్డు పంపుతున్నాం.

ఇట్లు,
ఖాజావలి, సంక్షేమ విభాగం

తా.క. అన్నా. పైన ఉండేది నా మాట కాదు. చెప్పి రాయించినారు, నా చెయ్యి రాసింది. ఎల్లన్న పేరు నివేదికలో చూసినప్పటి నుంచి నాకు కూడు సహించలేదు. ఇంట్లో నా భార్య సాబేరా కూడా ఏమైందని అడుగుతాండాది, చెప్పలేకపోయినా. ఆయన్ని నేను ఒక్కసారి గూడా చూడలేదు. అయినా మా అమ్మను ఎరిగిన మనిషి పోయినట్టు ఉండాది. ఏం జరిగిందో నువ్వు నాకు రాయి. అల్లా మీద ఆన, ఈసారి కుదించను.



సులై,
మంగళవారం

ఖాజావలి తమ్ముడికి,

కుదించనని ఆన పెట్టావు కాబట్టి రాస్తున్నాను. నీకే కాదు, నీ సాహెబ్‌కూ, ఆయన పైవాడికీ, వాడి పైన ఏసీ గదిలో సిటీ అనే మాట కనిపెట్టినవాడికీ రాస్తున్నాను. చదివి వినిపించు.

శుక్రవారం, అన్నాలు అయిపోయాయి. నేను సామాన్ల గది మీది ఫ్యాన్ వైరు చూద్దామని బయటి నుంచి నిచ్చెన వేసుకుంటున్నాను. ఆ గది వంటగదిని ఆనుకుని ఉంటుంది. నూనె డబ్బాలూ అట్టపెట్టెలూ ఉండేది దాంట్లోనే. కిటికీలోంచి పొగ వచ్చింది. ఆ తర్వాత కిటికీయే కనిపించలేదు. నేను ముంగిట్లోకి ఉరికి, ఉన్న ఊపిరంతా పెట్టి విజిల్ వేశాను.

సిటీ ఖాళీ అయింది. ఫొటోలో ఉన్నట్టే. అదే పరుగు, అదే గేటు, అదే బాకాలా దుకాణం. నేను పొంగిపోయాను, ఒప్పుకుంటాను. సిలిండర్లను మెస్ గోడ నుంచి దొర్లించుకుంటూ దూరం తీస్తున్నాను, అందరూ బయటపడ్డారని గుండె నిబ్బరంగా ఉంది.

వాళ్లు మంట చూసి పరిగెత్తలేదు తమ్మీ. మంట సంగతి వాళ్లకు తెలియనే తెలియదు. నా ప్రసంగం తప్పించుకోవడానికి పరిగెత్తారు. రోడ్డు మీదికి చేరి వెనక్కి తిరిగి చూసి, పొగ కనిపించాక, అప్పుడు నోళ్లు తెరిచారు. స్వామి నా దగ్గరికి వచ్చి, "అన్నా, నువ్వు నిజంగనే నిప్పు కోసం ఊదినవా?" అని అడిగాడు. ఇదీ మీ శిక్షణ. ఇదీ మీరు పక్క క్యాంపులకు నేర్పించబోయే విన్యాసం. నా వాగుడు పడక జనం పారిపోతే దానికి మీరు షీల్డు ఇచ్చారు.

ఇక నియమం పాటించనివాడి సంగతి.

ఎల్లన్న గదిలో పడుకుని ఉన్నాడు. విజిల్ వినిపించింది. శుక్రవారం, అన్నాలయ్యాక, విజిల్. ఆయనకు దాని అర్థం ఒక్కటే. తమ్ముడు మాట్లాడతాడు, ఎవరూ ఉండరు, తనైనా కూర్చోవాలి. లేచి, చలికి ఆ ఎర్ర జాకెట్ తొడుక్కుని, కప్పు పట్టుకుని, లోపలి వరండాలోంచి మెస్ హాల్లోకి పోయాడు. హాల్లో అప్పటికి మంట లేదు. వంటగది పక్కన, చివరి బెంచీ మీద, తన చోట కూర్చున్నాడు. నేను వస్తాననుకుని కూర్చున్నాడు. హాలు పైకప్పుకు వేసిన ఆ తేలిక పలకలు, అందం కోసం సిటీ అయ్యాక వేసినవి, ఒక్కసారి అంటుకున్నాయి. ఆ పొగలో మనిషి లేచి తలుపు వెతుక్కునే తీరిక ఉండదట. డాక్టరు చెప్పాడు.

ఎల్లన్న ఏడని ఎవరో అడిగేదాకా నాకు తట్టలేదు.

గోడ అవతల ఎర్ర బండి ఇంజను మోగుతున్నది. మాకు వినిపిస్తున్నది. వాళ్లు రామనలేదు. వైదొలిగింది మనం, వాళ్లు కాదు. పొగ చూడగానే బండి తీశారు. తీసి ఎటు పోతారు? గేటు ఉన్న చోట గోడ ఉంది. బండి వెనక్కి తిప్పి, గోదాములన్నీ చుట్టి, ట్రక్కుల లైను దాటి ముందు గేటుకు రావాలి. ముందు బండితో గోడనే గుద్ది చూశారట. పగల్లేదు. ఎల్లన్న కట్టిన గోడ అది, ఎట్లా పగులుతుంది?

ఇర్ఫాన్ బండి ఇంకొకడికి ఇచ్చి గోడ ఎక్కాడు. నున్నగా పూత పూసిన గోడ, పట్టు దొరకదు. గోళ్లు లేచిపోయాయి. ఇటు దూకి, ముఖానికి తడి గుడ్డ కట్టుకుని లోపలికి పోయాడు. పొగలో జాకెట్ పట్టీలు మెరిసి, వాటిని చూసే ఎల్లన్నను పట్టుకున్నానని చెప్పాడు. భుజం మీద వేసుకుని తెచ్చి ముంగిట్లో పడుకోబెట్టి, ఊపిరి ఊదుతూ, "ఉఠో చాచా, ఉఠో, చాయ్ పీయేంగే" అంటూనే ఉన్నాడు. ఎర్ర బండీ, సర్కారు బండీ వచ్చి మంట ఆర్పాయి. బాగా ఆర్పాయి. ఇర్ఫాన్ మాత్రం ఇంకా చాచాను లేపుతూనే ఉన్నాడు.

అర్థమైందా మీకు? మీ సిటీ మొత్తంలో విజిల్ వింటే, పిలిచినవాడి దగ్గరికి వచ్చిన మనిషి ఆయన ఒక్కడు. మీరు రాశారు, నియమం పాటించలేదని!

రాత్రి లస్మవ్వకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. కంపెనీని తిట్టింది, సౌదీని తిట్టింది, నన్ను తిట్టింది, చివరికి ఎల్లన్నను తిట్టింది, "చెప్పకుంట ఎట్ల పోయిండు" అని. మొదలుపెడితే ఆగదని ఆయన చెప్పింది నిజమే. ఫోను చెవికి పెట్టుకుని ఆయన బెంచీ ఉన్న చోటే నిలబడి అంతా విన్నాను. ఆయన బదులు.

తమ్మీ, నిన్ను చాలా మాటలన్నాను. నువ్వు కుదించకపోయి ఉంటే నేను ఏనాడో కోరుట్లలో ఉండేవాణ్ణి. ఎల్లన్నకు ప్రసంగం వినే బాధ ఉండేది కాదు, విజిలూ ఉండేది కాదు. అప్పుడు మిగతావాళ్లు మంచాల మీదే పొగలో ఉండేవాళ్లేమో. ఈ లెక్క నాకు తేలడం లేదు. తేలనిదాన్ని పట్టుకుని నీతో పోట్లాడను. పోట్లాడాల్సింది గోడ కట్టమన్నవాడితో.

ఈ కాగితాన్ని ఏ ట్రేలోనూ పెట్టకు. ఇంకో గది ఉందన్నావు కదా, ఆ గదికి పంపినా సరే. ఎగ్జిట్ కొట్టుకోమను. కొట్టేముందు ఇవి చేయాలి:

1. "నియమాన్ని పాటించకపోవడం వల్ల" అన్న మాట నివేదికలోంచి కొట్టేయాలి.

2. గోడ పగలగొట్టి గేటు పెట్టాలి. పగలగొట్టే పని మా బ్లాకువాళ్లకు చెప్పకూడదు.

3. ఉమ్మడి దళంలో మళ్లీ చేరాలి. సిటీ అనే బోర్డు కావాలంటే ఉంచుకోవచ్చు.

4. ఆ ఫొటో ఏ క్యాంపులోనూ చూపకూడదు. షీల్డు ఇదే బస్సులో తిప్పి పంపుతున్నాను, తీసుకోవాలి.

5. ఎల్లన్నను ఆలస్యం చేయకుండా ఇంటికి పంపాలి. లస్మవ్వకు కంపెనీ తరఫున తెలుగులో ఫోన్ చేయాలి. ఆమె తిడితే మధ్యలో పెట్టేయకూడదు.

6. ఇర్ఫాన్ చేతులకు మందు కంపెనీ వేయించాలి.

7. ఆఫీసులో ఫిర్యాదులకు ఒక ట్రే పెట్టాలి.

8. మెస్ బయటి బకెట్లలో ఇసుక పోయాలి. పుదీనా ఉన్న బకెట్ ముట్టుకోకూడదు. దాని బదులు ఇంకో బకెట్ తేవాలి.